అద్దంలో దూడ

గుంటూరు వెళ్ళనివాళ్ళ కళ్ళల్లో ఇంకా కాసిని నీళ్ళు మిగిలి ఉంటాయి. నావి మాత్రం మొన్న మాఘమాసంలో ఆ స్టేషన్లో దిగిన కాసేపటికే ఖర్చయిపోయాయి. మిరపకాయ బస్తాలు ఊళ్ళోకి దిగే రోజులవి. మా రైలింజను ప్లాట్‌ఫారం మీదికి వస్తూనే గట్టిగా తుమ్మి మరీ ఆగింది. ఆవిరి వదిలిందండీ అన్నాడు పక్కనున్న పెద్దమనిషి. ఆయనది గుంటూరే, ఊరి మీద అభిమానం కొద్దీ అలాగే అంటాడు. తుమ్మింది. నేను విన్నాను.

నేను కాకినాడవాణ్ణి. పులుసులో బెల్లం వేసుకునే జాతి. మా వైపు మిరపకాయ వంటింట్లోకి చుట్టంలా వచ్చి మర్యాదగా వెళ్ళిపోతుంది. ఇక్కడ ఇంటి యజమాని అదే, మనుషులు దాని దగ్గర అద్దెకుంటారు. నాలాంటివాడు సరదాకి ఇంత దూరం రాడు. మా అక్కయ్య పంపితే వచ్చాను.

అక్కయ్య అడిగింది

మా అక్కయ్య కనకం నాకంటే చాలా పెద్దది. నేను ఉయ్యాల్లో ఉండగా ఆమెను పర్చూరు దగ్గర ఒక పల్లెకు కాపరానికి పంపారు. నేను ఉయ్యాల దిగి నడక నేర్చుకునేలోగా తిరిగొచ్చేసింది. బావకు వానాకాలంలో జ్వరం వచ్చిందట. అంతే. అప్పట్నుంచీ మా ఇంట్లోనే ఉంది. నన్ను పెంచింది, నా పిల్లల్ని పెంచింది, నన్నెలా భరించాలో మా ఆవిడకు నేర్పింది. తనకంటూ ఏదీ అడిగిన మనిషి కాదు. కాఫీ అయినా "మీరు తాగగా మిగిలితే ఇవ్వండి" అనేది. మిగల్చడం కోసమే మా ఆవిడ రోజూ ఒక గ్లాసు ఎక్కువ పెట్టేది.

పోయినేడు ఆమె కళ్ళకు నీటికాసులన్నారు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కొన్నాళ్ళుంటుంది అని డాక్టరు తేల్చేశాడు. ఇంటికొచ్చాక అక్కయ్య చాలాసేపు బియ్యం ఏరుతూ కూర్చుంది. అవి ముందురోజు ఏరేసిన బియ్యం. ఆ తరవాత అంది:

"ఒరేయ్ అబ్బాయ్, నాకు మీ బావ మొహం గుర్తు లేదురా. కళ్ళుండగా ఒక్కసారి చూడాలి."

ఫోటో ఎక్కడుందక్కయ్యా అన్నాను. ఉందంది. అప్పుడు చెప్పింది, నా జన్మలో వినని కథ.

మా బావ కాస్త షోకైనవాడట. గుంటూరు నుంచి ఫోటోలు తీసే ఆయన్ను బండి కట్టించి పల్లెకు తీసుకొచ్చాడు. ఇంట్లో ఉన్నది బావ, ఆయన తల్లి, మా అక్కయ్య. అక్కడ వచ్చింది చిక్కు. ముగ్గురు కలిసి ఫోటో దిగితే ఒకరు దక్కరని అందరి నమ్మకం. మా వైపూ ఉంది, కాదనను. నాలుగో మనిషిగా వచ్చి నిలబడండయ్యా అంటే, ఫోటో దిగితే అసలు ఆయుష్షే తగ్గుతుందని ఇరుగుపొరుగులు తలుపులు వేసుకున్నారు. బావ ఊరంతా తిరిగి బతిమాలి, చివరికి కొట్టంలోకి వెళ్ళి తెల్లటి దూడను తోలుకొచ్చి పక్కన నిలబెట్టాడు. ప్రాణమున్నది ఏదైనా నాలుగోది నాలుగోదే అన్నాడట.

ఫోటో కాగితం మీద అచ్చయి వచ్చింది. అత్తగారు చూసి పెట్టెలో పెట్టింది. కొత్త కోడలు చూపించమని అడిగే కాలం కాదు. వానలకు బావ పోయాడు. దూడ లెక్కలోకి రాలేదని అత్తగారికి అర్థమైపోయింది. ఆ ఫోటో తీసి పొయ్యిలో పెట్టింది. దూడ లెక్కకు వస్తుందా రాదా అని ఆ పల్లెలో చాలా ఏళ్ళు వాదించుకున్నారట. రాదన్నవాళ్ళే గెలిచారు. వాళ్ళ దగ్గర సాక్ష్యం ఉంది కదా.

అయితే ఫోటో తీసినాయన ఆ రోజు బండెక్కుతూ, కాగితం పోయినా భయం లేదమ్మా, గాజు పలక నా దగ్గర భద్రంగా ఉంటుంది అని అత్తగారితో అన్నాడు. తలుపు వెనక నిలబడి అక్కయ్య ఆ మాట విన్నది. ఆ కాలంలో ఫోటోలు గాజు పలకల మీద తీసేవారు. అందులో తెల్లది నల్లగానూ నల్లది తెల్లగానూ పడుతుంది. పలక ఉంటే ఎన్ని కాపీలైనా తీయొచ్చు. ఇన్నేళ్ళూ ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. మొగుడు పోయిన పిల్ల మొగుడి ఫోటో కావాలనడం అప్పట్లో తప్పు. ఆ తరవాత ఈ వయసులో ఏమిటని సిగ్గు. తప్పుకీ సిగ్గుకీ మధ్య జీవితం గడిచిపోయింది.

గుంటూరు: జిల్లాకంతా ఒకే కోటు

ఆ ఫోటోగ్రాఫరు ఎప్పుడో పోయాడు. కొడుకు సుబ్బారాయుడు గారు స్టూడియో నడుపుతున్నాడు. నేను లోపలికి అడుగు పెట్టగానే మాట్లాడనివ్వకుండా స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని తల కుడికి తిప్పాడు. ఫోటోకు రాలేదండీ అని నేను చెప్పేసరికి నా మెడ తెనాలి వైపు తిరిగి ఉంది.

గోడ నిండా పాత ఫోటోలే. చూస్తూ నిలబడ్డాను. పత్తి బేళ్ళ బళ్ళు బారులు తీరిన వీధి, ఎద్దుల కొమ్ముల సందులోంచి కనపడుతున్న ఒకే ఒక మోటారు కారు, దాని ముందు అది తనదేనన్నట్టు నిలబడ్డ ఎవరో పెద్దమనిషి. ఒక మిరప కళ్ళం. ఆడవాళ్ళు కుప్పల మధ్య కూర్చుని కాయలు ఏరుతున్నారు. కుప్పలు మాత్రం బొగ్గుల కుప్పల్లా ఉన్నాయి. ఆ కాలపు పలకలకు ఎరుపు తెలియదట, అంతా నల్లగానే పడేదట. పెళ్ళికూతుళ్ళ బొట్లూ నలుపే. ఇంత ఎర్రటి ఊరు ఇంత నల్లగా మిగలడం చూస్తే ఎలాగో అనిపించింది.

ఇంకో సంగతి గమనించాను. తాడికొండ రైతు, బాపట్ల ప్లీడరు, మంగళగిరి చీరల షావుకారు, పెళ్ళికొడుకులు, తాతలు, అందరూ ఒకే కోటు వేసుకున్నారు. ఎడమ జేబు దగ్గర చిన్న చిరుగుతో సహా. అది స్టూడియో కోటు. బక్కవాడికి వెనకాల పిన్నులు పెట్టేవాళ్ళు, లావుపాటివాడికి వెనక కుట్లు విప్పేసేవాళ్ళు. జిల్లాలో మగతనమంతా కొన్నేళ్ళపాటు ఆ ఒక్క కోటులోంచి నడిచిందంటే అతిశయోక్తి కాదు. అతిశయోక్తి అయినా ఫర్వాలేదు.

"ఇవన్నీ రానివాళ్ళవండీ," అన్నాడు సుబ్బారాయుడు గారు. ఫోటో దిగి, పట్టుకెళ్ళడానికి తిరిగి రానివాళ్ళవి. కొందరు ఊళ్ళు మారారు, కొందరు మనసు మార్చుకున్నారు, కొందరు పోయారు. వచ్చి తీసుకెళ్ళినవాళ్ళు జిల్లా నిండా ఉన్నారు, వాళ్ళ ఫోటోలు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. రానివాళ్ళే ఇలా గోడ మీద నిలిచారు.

గాజు పలకల సంగతి అడిగాను. ఆయన మొహం చిన్నబోయింది. వెనక గది నిండా నేల నుంచి దూలాల దాకా ఉండేవట. తండ్రి ఒక్కటీ పారేయనిచ్చేవాడు కాదట. ఆయన పోయాక చోటు చాలక, సత్తెనపల్లిలో పటాలు కట్టే మస్తాన్ అనే ఆయనకు అన్నీ ఇచ్చేశాడు. యుద్ధం రోజుల్లో పటాలకు అద్దాలు దొరికేవి కావు. దేవుళ్ళకి అద్దాలు కావాలి, తన దగ్గర మనుషుల అద్దాలున్నాయి. "అప్పుడు మంచిపనే అనిపించిందండీ," అన్నాడు.

మధ్యాహ్నం హోటల్లో భోజనం చేశాను. రూపాయి లోపే కడుపు నిండా పెట్టారు. గోంగూర, కందిపొడి, పండుమిరప పచ్చడి. నా అవస్థ చూసి వడ్డించేవాడు దగ్గరికొచ్చి, మీరు గోదావరి వైపని కారం తగ్గించి పెట్టామండీ అన్నాడు. తగ్గించినదే ఇది. నా చెవుల్లోంచి వస్తున్న పొగకు పక్కబల్లవాడు చుట్ట ముట్టించుకున్నాడు.

నల్లపాడు దాటేలోపు

సత్తెనపల్లి రైల్లో ఎదురుగా ఒక పత్తి రైతు కూర్చున్నాడు. మా వైపు కొత్తవాణ్ణి మెల్లిగా, ఆయ్ అండీ అంటూ, వంకరదారిలో విచారిస్తాం. ఈయన నల్లపాడు రాకముందే నా ఊరు, ఉద్యోగం, పిల్లలు, వాళ్ళ చదువులు, నా పళ్ళలో కట్టుడువెన్ని, అన్నీ రాబట్టేశాడు. నేను ఫోటో కోసం తిరుగుతున్నానంటే, మా ఇంట్లో ఉందండీ ఫోటో అన్నాడు గర్వంగా. వాళ్ళ నాన్నది. పోయినాక తీయించారట, కుర్చీలో కూర్చోబెట్టి, వెనక నుంచి తువ్వాలుతో కట్టి.

"మరి కళ్ళో?" అన్నాను.

"కళ్ళు స్టూడియో ఆయన గీసి పెట్టాడండీ. బతికున్నప్పుడు ఒక కన్ను మెల్ల ఉండేది. ఇప్పుడు రెండూ సమంగా ఉన్నాయి."

బతికుండగా ఎందుకు తీయించలేదని అడిగితే నన్ను జాలిగా చూశాడు. బతికున్నవాణ్ణి రోజూ చూస్తూనే ఉంటాం కదా, ఫోటో ఎందుకూ అని.

సత్తెనపల్లి: మీగడ

మస్తాన్ గారి కొట్లో దేవుళ్ళు, మక్కా మసీదు, సినిమాతారలు, దేశనాయకులు ఒకరి పక్కన ఒకరు గోడకానుకుని, మేకులు కొట్టించుకోవడానికి ఆస్పత్రిలో రోగుల్లా వరస కట్టి ఉన్నారు. ఆయనకు డెబ్బై దాటి ఉంటాయి. నా కథ మొదలుపెట్టగానే చేతిలో సుత్తి కింద పెట్టాడు. కూతురితో టీ తెప్పించాడు. టీతో పాటు మిరపకాయ బజ్జీలు వచ్చాయి. వాటి గురించి రాయను, ఇంకా బాధగా ఉంది.

పలకలు ఎలా కడిగేవాడో చెప్పాడు. పెద్ద గంగాళంలో నీళ్ళు మరగబెట్టి బట్టల సోడా వేసేవాడు. పలకలు అందులో వేసి కర్రతో కదిపేవాడు.

"మొహాలు పాలమీద మీగడ లేచినట్టు లేచొచ్చేయండీ. నీళ్ళలో కాసేపు తేలేవి. కళ్ళు, ముక్కు, తలపాగా, అన్నీ అట్టాగే. కర్ర తగిలితే చెదిరిపోయేవి. అద్దం మాత్రం తళతళ్ళాడేది."

కాసేపు ఇద్దరం టీ తాగాం. ఈ జిల్లాలో పూజగదుల్లో దేవుళ్ళ ముందున్న అద్దాల్లో ఎన్ని ఒకప్పుడు మనుషులో లెక్కగట్టడం ఆ దేవుళ్ళకైనా కష్టం. పాపం చేశానంటారా అని ఆయన అడగలేదు, కానీ నా మొహం చూస్తూ ఉండిపోయాడు. ఆ యుద్ధం రోజుల్లో అద్దం ఇంకెక్కడ దొరికేదండీ అని నేనే అన్నాను.

దూడ మాట చెప్పగానే ఆయన నిటారుగా కూర్చున్నాడు. పర్చూరు వైపు పొగాకు బ్యారన్లు కడుతున్న రోజుల్లో కోటయ్య అనే రైతు వచ్చి, కడగకుండా మిగిలిన చివరి కట్ట ఉన్నదున్నట్టు పట్టుకెళ్ళాడట. బ్యారన్ అంటే పచ్చి పొగాకును వేడి మీద మగ్గబెట్టే పొడుగాటి ఇటుకల ఇల్లు. లోపల ఆకు రంగు ఎంతవరకు తిరిగిందో తలుపు తీయకుండా చూడటానికి గోడకు చిన్న అద్దం పెడతారు. కడిగి ఇస్తానయ్యా అంటే, మసి పట్టేదానికి కడగడమెందుకని ఆయన వినలేదు.

"మళ్ళీ ఏడు వచ్చి నాతో తగువేసుకున్నాడండీ. ఒక అద్దంలో దూడ ఉందంట. కూలోళ్ళు దాన్ని దూడ బ్యారన్ అంటున్నారంట. తీసేయ్‌మంటే, వద్దులే, ఆకు బాగానే దిగుతోందన్నాడు."

నేను గబుక్కున లేచాను. నా తొందరకి గోడకానిన ఒక నాయకుడు పడిపోయాడు, అదృష్టం కొద్దీ ఆయనకింకా అద్దం వేయలేదు.

చీరాల మీదుగా

పర్చూరు బస్సుకు చీరాలలో కాసేపు ఆగాలి. ఆ కాసేపట్లో ఒక నేతగాడి ఇంటరుగు మీద కూర్చున్న పాపానికి, ఆయన నా ముందు భూమండలానికి చుట్టబెట్టడానికి చాలినన్ని చీరలు విప్పి పరిచాడు. ఎర్రవి, పచ్చవి, జరీ అంచువి. కొననంటే మానేలా లేడు. ఎవరికండీ అన్నాడు. మా అక్కయ్యకు, చిన్నప్పుడే బావ పోయాడు అన్నాను. ఆయన ఆ రంగులన్నీ ఒక్కొక్కటే మడిచి లోపల పెట్టేసి, సన్నటి నీలం అంచున్న తెల్లచీర ఒకటి తెచ్చాడు. బేరం ఆడబుద్ధి కాలేదు. మా అక్కయ్య జీవితం అంత గబగబా మడతపడిపోవడం అంతకుముందు నేను కళ్ళారా చూడలేదు.

పర్చూరు పక్క పొలం

కోటయ్య గారు మాట్లాడితే పక్క ఊళ్ళో కుక్కలు లేస్తాయి. నల్లరేగడి చేల మధ్య నాలుగు బ్యారన్లున్నాయి ఆయనకి. నేను వచ్చిన పని చెబుతూ దూడ కథకు వచ్చేసరికి, మిగతాది వినకుండానే తల అడ్డంగా ఊపాడు.

"దూడ లెక్కకెట్టా వస్తదండీ? మనిషంటే మనిషే."

వాదన ఇంకా ముగియలేదన్నమాట. మా అక్కయ్య అత్తవారి ఇల్లు ఎక్కడని అడిగితే, చేల అవతల పందిరి చూపించాడు. ఆ చోటే. ఇల్లు పడిపోయింది, మనుషులు పోయారు, ఇప్పుడక్కడ పొగాకు ఆకు ఏరి కట్టలు కడతారు. ఆ ఇంటి ముందు తీసిన ఫోటో గుంటూరు వెళ్ళి, సత్తెనపల్లి వెళ్ళి, కేకేస్తే వినపడేంత దూరంలో మళ్ళీ ఇక్కడికే వచ్చి గోడలో కూర్చుంది.

చూశాను. మిట్టమధ్యాహ్నం. బ్యారన్ లోపల చీకటి, బయట ఎండ. ఆ చీకటి మీద అద్దంలో తెల్లటి దూడ స్పష్టంగా నిలబడి ఉంది. చెవులు ముందుకు పెట్టి నన్ను ఎవరన్నట్టు చూస్తోంది. వేడికి అంచులు గోధుమరంగు తిరిగాయి. వెనక చీకటి ఉంటే పలకలో నలుపు తెల్లగా కనపడుతుందట, లోపల లాంతరు పెడితే అదే దూడ నల్లగా అయిపోతుందట. అందుకే మంట చూసే కూలీ రోజూ దానికి దణ్ణం పెట్టి పని మొదలుపెడతాడట. దూడ మెడ మీద ఒక చెయ్యి ఉంది. మోచేతి దాకా కనిపిస్తోంది. ఆ పైన గోడకు మెత్తిన మట్టి.

బావ అక్కడే ఉన్నాడు. మట్టి వెనక.

తీసి చూపించండి అన్నాను. కోటయ్య గారు ససేమిరా అన్నాడు. ఆకు సరిగ్గా పసుపు తిరిగే వేళ. కిటికీ తీస్తే వేడి పోతుంది, వేడి పోతే ఆకు పచ్చగానే ఆగిపోతుంది, ఇంటిల్లిపాది ఏడాది కష్టం.

"మీ బావగారు ఇన్నేళ్ళు ఆగాడు. ఇంకో రెండ్రోజులు ఆగలేడా? మా ఇంట్లో ఉండండి."

ఉన్నాను. ఆయన భార్య నాకు జొన్నన్నంలో పచ్చిపులుసు పోసి, నేను బెల్లం అడిగితే ఒంట్లో బాగాలేదా నాయనా అంది. రోజూ బ్యారన్ దగ్గరికి వెళ్ళి దూడతో కూర్చునేవాణ్ణి. మట్టి అవతల మొహం ఎలా ఉంటుందో ఊహించేవాణ్ణి. పొడుగు ముక్కు పెట్టి చూశాను, మీసాలు పెట్టి చూశాను. ఆ స్టూడియో కోటు వేసుకున్నాడా లేదా అని ఆలోచించాను. ఎడమ జేబు చిరుగు కనపడితే బాగుండుననుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను ఏ మనిషి కోసమూ అంతగా ఎదురుచూడలేదు, చూస్తున్నది ఎప్పుడో పోయినవాడి కోసం.

ఆకు దిగింది. బ్యారన్ చల్లారింది. కోటయ్య గారు స్వయంగా గునపం మొన పెట్టి మట్టి గోకి, పసిబిడ్డను తీసినట్టు అద్దం బయటికి తీశాడు. ఇద్దరం ఎండలో పట్టుకుని చూశాం.

మట్టి వెనక ఏమీ లేదు. అద్దం మోచేతి దగ్గరే ఆగిపోయింది. అంచు నిటారుగా, నున్నగా ఉంది. కోసిన అంచు.

కోటయ్య గారి గొంతు మొదటిసారి తగ్గింది. గోడ కట్టిన మేస్త్రి కోశాడన్నాడు. ఆ ముక్కేదండీ అంటే, ఇటుకల కింద పోసుంటాడు, ఏ పునాదిలోనో, ఎవరికి గుర్తన్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"అద్దం పెద్దది, కిటికీ చిన్నదండీ. కిటికీ పెద్దది చేద్దామని ఎవుడికీ తోచలా."

పర్చూరు బజారులో కొత్త అద్దం కొని తెచ్చి ఆ కన్నానికి బిగించాను. శుభ్రంగా ఉంది. అవతల చీకటి తప్ప ఏమీ కనపడదు. కోటయ్య గారు దూరంగా నిలబడి చూసి, ఇక దీన్ని ఏ బ్యారన్ అనాలో అన్నాడు. ఆయన భార్య దూడ అద్దాన్ని దూదిలో చుట్టి, పాతచీర ముక్కలో కట్టి ఇచ్చింది. దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బస్సులో నా పక్కన ఎవరు కూర్చోబోయినా, పాము ఉందని చెప్పాను.

మళ్ళీ గుంటూరు

సుబ్బారాయుడు గారు దాన్ని శుభ్రం చేసి కాగితం మీద అచ్చు తీశాడు. ట్రేలో నీళ్ళలోంచి దూడ మెల్లగా పైకి వచ్చింది, ఆ వెనకే చెయ్యి. తండ్రి పనితనం చూస్తూ ఆయన కాగితాన్ని ట్రేలో అటూ ఇటూ ఆడించాడు. ఆ తరవాత మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"మొహం పెట్టేయమంటారా? గోడ మీద రానివాళ్ళు ఇంతమంది ఉన్నారు. వయసుకు తగినవాణ్ణి చూసి అతికిస్తాను. కోటు ఎలాగూ ఉంది. చూపు సరిగా లేదంటున్నారు, అక్కయ్యగారికి తెలియదండీ."

ఆయన మంచికే అన్నాడు. నేను గోడ వైపు చూశాను. నిజం చెప్పాలంటే ఒకణ్ణి ఎంచుకున్నాను కూడా. పొడుగు ముక్కు, సన్నటి మీసం, నవ్వు ఆపుకుంటున్న కళ్ళు. బ్యారన్ దగ్గర నేను ఊహించినట్టే ఉన్నాడు. అక్కయ్య చూసి మురిసిపోయేది. ఆ మొహంతోనే ఆమె కళ్ళు మూసుకునేది. ఇంతమంది ఇళ్ళల్లో గీసిన కళ్ళున్నాయి, మా ఇంట్లో ఒక అతికించిన మొహం ఉంటే ఏం పోయింది.

కానీ అక్కయ్యకు అబద్ధం చెప్పిన ప్రతిసారీ దొరికిపోయాను, చిన్నప్పుడూ, పెళ్ళయ్యాకా. వద్దండీ అన్నాను. వద్దన్నాక స్టేషన్ దాకా నడుస్తూ, తప్పు చేశానేమోనని వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను.

ఇంట్లో

అక్కయ్య నా కోసం వీధరుగు మీదే కూర్చుని ఉంది. చీర ఇచ్చాను, పక్కన పెట్టింది. కాగితం తీసి చేతికిచ్చాను. ఇచ్చేముందే చెప్పేశాను.

"మొహం లేదక్కయ్యా. కోసేశారు. దూడా, చెయ్యీ ఉన్నాయంతే."

ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. చూపు ఒక సన్నటి సందులోంచి మాత్రమే మిగిలింది ఆమెకు. కాగితాన్ని కంటికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని, అటూ ఇటూ జరుపుతూ వెతికింది. ఒకచోట ఆగింది. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. నేను కోటయ్య గారిని, మేస్త్రిని, గుంటూరులో నేను వద్దన్న మొహాన్ని, అందరినీ మనసులో తిట్టుకుంటున్నాను.

"చిటికెన వేలు చూడరా," అంది అక్కయ్య. "వంకర. బండి చక్రం కింద పడింది చిన్నప్పుడు."

చూశాను. నిజమే. ఇన్నిసార్లు ఆ చెయ్యి చూశాను, వేలు చూడలేదు.

"మొహం గుర్తు లేదన్నాను నీతో. గుర్తుండటానికి నేనెప్పుడు చూశాను? అత్తగారు ఎదురుగా ఉండగా తలెత్తే కాలమా అది. వంగి అన్నం వడ్డిస్తుంటే కనపడింది ఇదే. చాలు అన్నప్పుడు ఇలాగే అడ్డం పెట్టేవాడు."

ఆ సాయంత్రం కాఫీ, మేం తాగకముందే అడిగి తాగింది.

ఫోటోకు పటం కట్టించాం, హాల్లో పెట్టాం. వచ్చినవాళ్ళు దూడ ఫోటో ఏమిటండీ అంటారు. నేను ఒక్కొక్కరికి ఒక్కో కథ చెబుతాను. ఒంగోలు పశువుల పోటీలో దేశం మొత్తానికి మొదటి బహుమతి తెచ్చిన దూడ అని చెప్పాను ఒకాయనకు. అక్కయ్య వింటూ ఊరుకుంటుంది.

ఇప్పుడామెకు ఆ సన్నటి సందు కూడా మూసుకుపోయింది. పొద్దున్నే గోడ పట్టుకుని వచ్చి పటం ముందు ఆగుతుంది. తడుముకోదు. వేలు తిన్నగా ఆ చేతి మీదే పెడుతుంది, అద్దం మీద. మా ఆవిడ శుక్రవారాలు ఇంట్లో పటాలన్నీ తడిగుడ్డతో తుడుస్తుంది. ఆ ఒక్క చోటు మాత్రం తుడవదు.